సార్, ఇప్పుడేం చెయ్యాలి?

ప్రాథమిక బడిలో ఓ అరగంట కూర్చుంటే ఈ మాట ఎన్నిసార్లు వినపడుతుందో లెక్క ఉండదు. ఇచ్చిన లెక్కలు చేసేసిన మూడో తరగతి పిల్ల పలక పట్టుకుని వస్తుంది. 'అయిపోయింది సార్, ఇప్పుడేం చెయ్యాలి?' సారేమో ఇంకో మూల ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు దిద్దిస్తుంటారు. 'కూర్చోమ్మా, వస్తా' అంటారు. ఆ పిల్ల వెళ్లి కూర్చుంటుంది, చాలాసేపు. అయిదు తరగతులకు ఒకరో ఇద్దరో టీచర్లున్న పల్లె బడుల్లో రోజూ జరిగేది ఇదే. తప్పు ఆ సార్‌ది కాదు, పిల్లది అసలే కాదు. తర్వాతి పని తనే చూసుకునే వీలు ఆ బడిలో లేదు.

ఆ వీలు ఎలా కల్పించాలో మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ విద్యాసంస్థ ఎప్పుడో చేసి చూపించింది. చుట్టుపక్కల ఊళ్లలో నడిపే చిన్న బడుల కోసం అక్కడివాళ్లు పాఠాలను విడదీసి కార్డులు చేశారు. గోడకు నిచ్చెనలాంటి చార్టు, మెట్టుమెట్టుకూ ఒక బొమ్మ గుర్తు. పిల్లవాడు తాను ఏ మెట్టు మీద ఉన్నాడో చూసుకుని, ఆ గుర్తున్న కార్డు తనే తీసుకుంటాడు. టీచరు పక్కన కూర్చోవాలా, తోటి పిల్లలతో కలిసి చెయ్యాలా, ఒక్కడే చేసుకోవాలా అన్నదీ అక్కడే తెలిసిపోతుంది. వారం రోజులు జ్వరంతో మానేసి వచ్చినా ఎక్కడ ఆగాడో అక్కణ్నుంచే అందుకుంటాడు. కోతల రోజుల్లో పిల్లలు బడికి రాని ఊళ్లలో ఇదెంత మేలో టీచర్లకు చెప్పక్కర్లేదు.

కర్ణాటక టీచర్లు 1995లో వచ్చి చూసి వెళ్లి తమ బడుల్లో 'నలి-కలి' (ఆనందంగా నేర్చుకోవడం) అనే పద్ధతి మొదలుపెట్టారు. 2003లో చెన్నై కార్పొరేషన్ కమిషనర్‌గా ఉన్న ఎం.పి. విజయకుమార్ తమ టీచర్లను రిషివ్యాలీకి పంపారు. తర్వాత చెన్నై బడుల్లో నల్లబల్లలు పిల్లల చేతికందే ఎత్తుకు దిగాయి. టీచర్లు కుర్చీ వదిలి పిల్లల మధ్య చాప మీద కూర్చున్నారు. మన మట్టిలో పుట్టిన పద్ధతి మన బడుల్లో మాత్రం వేళ్లూనుకోలేదు. ఇది మాకు బాధగా ఉంది.

కార్డులు అచ్చు వేయించడం తేలిక. ఒకే గదిలో ఇరవై మంది పిల్లలు ఇరవై మెట్ల మీద ఉన్నప్పుడు, తనిఖీకి వచ్చిన అధికారి 'ఇవాళ ఏ పాఠం నడుస్తోంది?' అంటే నిలబడి జవాబు చెప్పడం కష్టం. 'సిలబస్ ఎంతవరకు అయింది?' అన్న ప్రశ్నకు టెన్షన్ పడకుండా, 'ఈ పాప ఎక్కడుందో చూడండి, నెల కిందట ఎక్కడుందో కూడా చూపిస్తాను' అనగలిగే మనిషి బడికి ఒకరుండాలి. హెడ్మాస్టరు పని అది.

ఆ మనిషి చిన్న బడిలో ఎక్కడున్నారు? 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 150 మందికి మించి పిల్లలుంటేనే ప్రత్యేకంగా ప్రధానోపాధ్యాయుడు. అరవై మంది వరకు ఇద్దరు టీచర్లు చాలు. మన పల్లె బడుల్లో చాలావాటికి 150 అన్నది అందని సంఖ్య. దాంతో ఇద్దరిలో సీనియర్ ఇన్‌చార్జి అవుతారు. క్లాసులు తగ్గవు, పని మాత్రం పెరుగుతుంది. పొద్దున్నే యాప్‌లో హాజరు, బియ్యం లెక్క, గుడ్ల లెక్క, ఫొటోల అప్‌లోడ్, మధ్యాహ్నం మండలాఫీసు నుంచి ఫోను. పిల్ల పక్కన పది నిమిషాలు కూర్చుని అదెలా ఆలోచిస్తోందో గమనించే తీరిక ఎక్కడిది? పైవాళ్లు అడిగిందల్లా చేసి పెట్టడమే పనిగా మారిన టీచరు, పిల్లలను మాత్రం సొంతంగా నేర్చుకోమని ఎలా వదలగలరు?

పిల్లల సంఖ్యతో పనిలేకుండా ప్రతి ప్రాథమిక బడికీ బాధ్యత, అధికారం రెండూ ఉన్న ప్రధానోపాధ్యాయులను ఇవ్వాలి. లెక్కలు, అప్‌లోడ్‌ల పని స్కూల్ కాంప్లెక్స్‌లో (చుట్టుపక్కల బడులన్నీ కలిసిన సముదాయంలో) ఒక గుమాస్తాకు అప్పగించాలి. కాంప్లెక్స్ సమావేశాల్లో సర్క్యులర్లు చదివి వినిపించే బదులు టీచర్లు ఒకరి తరగతిలో ఒకరు కూర్చుని చూడాలి. టైంటేబుల్ మార్చుకునే స్వేచ్ఛ బడికే వదలాలి. వీటిలో కొన్నింటికి డబ్బు కావాలి, కొన్నింటికి ఒక్క ఉత్తర్వు చాలు. ఆ ఉత్తర్వు వేసవి సెలవులు ముగిసేలోపు రావాలి. తనిఖీకి వెళ్లే మండల విద్యాధికారులు (ఎంఈవోలు) రిజిస్టర్లు తెరవకముందు మూడో తరగతి పిల్ల పక్కన అరగంట కూర్చోవాలన్నది అందులో మొదటి వాక్యం కావాలి.