కంప్యూటర్ నెమ్మదిస్తే ముందు ఫార్మాటా, పరీక్షా?

ఇంట్లో కంప్యూటర్ నెమ్మదించిందని విజయనగరంలోనైనా, శ్రీకాకుళంలోనైనా రిపేరు దుకాణానికి తీసుకెళితే తరచూ వినిపించే మాటలు రెండే. ఒకటి, "ఫార్మాట్ కొట్టేద్దాం", అంటే డిస్క్ చెరిపేసి విండోస్ మళ్లీ వేద్దామని. రెండోది, "పాతదైపోయింది, కొత్తది తీసుకోండి". జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండానే సూది వేసినట్టు, యంత్రం ఎక్కడ ఆగిపోతోందో చూడకుండానే చెప్పే ఈ మాటల వల్ల మధ్యతరగతి ఇళ్లలో డబ్బుతో పాటు ఏళ్ల తరబడి దాచుకున్న ఫైళ్లు కూడా పోతున్నాయి. నెమ్మదించడం వేరు, పాతబడటం వేరు. ఈ రెండింటినీ కలిపేయడమే అసలు పొరపాటని నా అభిప్రాయం.

మా పెద్దన్నయ్య ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసి విజయనగరంలో ఉంటున్నారు. 2016లో కొన్న డెస్క్‌టాప్ ఆయన దగ్గర ఉంది. ఇంటెల్ ఆరో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. రెండేళ్లలో రెండుసార్లు దుకాణంలో ఫార్మాట్ చేయించారు. ప్రతిసారీ రెండు మూడు నెలలు బాగానే నడిచి, మళ్లీ మొదటికే వచ్చింది. సిరిమానోత్సవానికి వెళ్లినప్పుడు నేను మీట నొక్కి గడియారం చూశాను. బ్రౌజర్ తెరుచుకుని మొదటి పేజీ కనిపించేసరికి ఆరు నిమిషాలు దాటింది. "దాన్నలా వదిలేసి కాఫీ తాగు బాబూ, ఈలోగా లేస్తుందిలే" అన్నారు వదిన. వాళ్లు ఆ జాప్యానికి అలవాటు పడిపోయారు.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. వైద్యుడికి స్టెతస్కోప్ ఎలాంటిదో నెమ్మదించిన విండోస్‌కు ఇది అలాంటిది, పైగా పైసా ఖర్చు లేనిది. అందులో చూస్తే అన్నయ్య ప్రాసెసర్ 15 శాతం కూడా పనిచేయడం లేదు. నడుస్తున్న పనులకు తాత్కాలిక చోటైన మెమరీ (ర్యామ్) 88 శాతం నిండి ఉంది. డిస్క్ అంకె మాత్రం 100 దగ్గర కదలకుండా నిలబడింది, అయినా అది చదువుతున్న వేగం సెకనుకు 2 ఎంబీ దాటడం లేదు. అంటే లెక్కలు చేయాల్సిన ప్రాసెసర్ చేతులు కట్టుకుని కూర్చుంది. సమాచారం తెచ్చివ్వాల్సిన హార్డ్ డిస్క్ ఊపిరి సలపక తిరుగుతోంది.

నిండా పనిచేస్తున్న డిస్క్ అంత తక్కువ సమాచారం ఎందుకు ఇస్తుందన్నది అర్థమైతే సగం సమస్య తేలిపోతుంది. హార్డ్ డిస్క్ లోపల పళ్లేలు తిరుగుతుంటాయి, వాటిపై ఒక చిన్న చేయి అటూ ఇటూ కదులుతూ సమాచారాన్ని వెతికి చదువుతుంది. డెస్క్‌టాప్ డిస్క్ సాధారణంగా నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది, అంటే ఒక చుట్టుకు 8 మిల్లీసెకన్ల పైచిలుకు. చేయి కదలడానికి పట్టే సమయం కూడా కలిపితే ఒక్కో ముక్క దొరకడానికి సుమారు 12 మిల్లీసెకన్లు పడుతుంది, కాబట్టి సెకనుకు 80 ముక్కలకు మించి అందవు. విండోస్ లేచేటప్పుడు, అప్‌డేట్లు దిగేటప్పుడు, యాంటీవైరస్ తనిఖీ చేసేటప్పుడు డిస్క్‌ను అడిగేది ఒక పెద్ద ఫైలును కాదు, వేర్వేరు చోట్ల చెదిరి ఉన్న వేలాది చిన్న ముక్కలను. రికార్డు రూములో ఒకే ఒక్క గుమాస్తా ఉండి, ఒక్కో కాగితం కోసం ఈ బీరువా నుంచి ఆ బీరువాకు నడుస్తుంటే బయట వరుస పెరిగిపోయినట్టే ఇక్కడా జరుగుతుంది. తిరిగే భాగాలేవీ లేకుండా చిప్‌లలోనే సమాచారం దాచే ఎస్ఎస్‌డీ అనే కొత్త రకం డిస్క్ అదే ముక్కను మిల్లీసెకనులో పదో వంతు సమయంలోనే తెచ్చివ్వగలదు.

ర్యామ్ చాలకపోవడం దీనికి తోడవుతుంది. 4 జీబీలో విండోస్, యాంటీవైరస్, ఐదారు ట్యాబులు తెరిచిన బ్రౌజర్ ఇమడవు. చోటు చాలనప్పుడు విండోస్ కొంత సమాచారాన్ని పేజ్ ఫైల్ అనే చోటికి తరలిస్తుంది. ఆ పేజ్ ఫైల్ ఉండేది కూడా అదే డిస్క్‌లో. అప్పటికే అలసిపోయిన గుమాస్తా నెత్తిన మరో మూట పెట్టినట్టే.

ఫార్మాట్ తర్వాత కొన్నాళ్లు వేగం ఎందుకు పెరిగినట్టు కనిపిస్తుందో కూడా దీన్నిబట్టే చెప్పవచ్చు. కొత్తగా వేసిన విండోస్‌లో మీట నొక్కగానే తమంతట తాము లేచే ప్రోగ్రాములు తక్కువ, కాబట్టి డిస్క్‌ను అడిగేవారూ తక్కువ. ప్రింటర్ సాఫ్ట్‌వేర్, వీడియో కాల్ యాప్, రెండో బ్రౌజర్, వాటి అప్‌డేటర్లు ఒక్కొక్కటే చేరేకొద్దీ పాత పరిస్థితే తిరిగి వస్తుంది. ఫార్మాట్ పనిభారాన్ని తాత్కాలికంగా తగ్గిస్తుందే తప్ప పనిచేసే చేతికి బలం ఇవ్వదు.

అందుకే ఇలాంటి యంత్రానికి నేను మొదట చెప్పేది ఎస్ఎస్‌డీ, రెండోది ర్యామ్‌ను 8 జీబీ చేయడం. పాత డెస్క్‌టాప్‌లలో హార్డ్ డిస్క్‌ను కలిపే సాటా అనే తీగకే సాటా ఎస్ఎస్‌డీ సరిపోతుంది. ఉన్న విండోస్‌ను, ఫైళ్లను చెరపకుండా మొత్తంగా కొత్త డిస్క్‌లోకి నకలు తీసే క్లోనింగ్ పద్ధతి ఉంది, అడిగి మరీ అదే చేయించుకోవాలి. ర్యామ్ కొనేముందు మదర్‌బోర్డుకు కావలసింది డీడీఆర్3 రకమో, డీడీఆర్4 రకమో చూసుకోవాలి, ఒకదాని స్లాటులో మరొకటి పట్టదు. ఎన్ని స్లాట్లు ఖాళీగా ఉన్నాయో టాస్క్ మేనేజర్‌లోని పెర్ఫార్మెన్స్ పేజీయే చూపిస్తుంది.

ఖర్చు లేకుండా చేయగలిగినవీ ఉన్నాయి. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ జాబితా తెరిచి, రోజూ వాడని వాటిని డిజేబుల్ చేయవచ్చు. రోజూ షట్‌డౌన్ చేస్తున్నాం కదా అనుకుంటాం కానీ, విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ వల్ల వ్యవస్థ స్థితిలో కొంత భాగం డిస్క్‌లో భద్రమై మర్నాడు అలాగే తిరిగి లేస్తుంది. వారానికోసారి రీస్టార్ట్ చేస్తేనే అది పూర్తిగా కొత్తగా మొదలవుతుంది. సీ డ్రైవ్ నిండిపోకుండా చూసుకోవాలి. విండోస్ తన అమరికలను రాసుకునే రిజిస్ట్రీని శుభ్రం చేసి ఒక్క నొక్కుతో వేగం పెంచుతామనే ప్రోగ్రాముల జోలికి మాత్రం వెళ్లవద్దు. అలాంటి వాటిని మైక్రోసాఫ్ట్ సమర్థించదు, వాటి వల్ల విండోస్ అసలు లేవకుండా పోయే ప్రమాదం కూడా ఉంది.

మన జిల్లాల్లో ప్రత్యేకంగా పట్టించుకోవాల్సింది కరెంటు సంగతి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపానులు మిగిల్చిన చీకటి రోజులు ఎవరూ మరిచిపోలేదు. అంత పెద్ద తుపాను అక్కర్లేదు. గాలివానకు పోయి వచ్చే కరెంటు, హెచ్చుతగ్గుల వోల్టేజీ చాలు. డిస్క్ రాస్తుండగా ఒక్కసారిగా కరెంటు పోతే ఫైళ్లు పాడవుతాయి, పదేపదే జరిగితే డిస్క్ కూడా దెబ్బతినవచ్చు. పాడైన చోటును చదవడానికి డిస్క్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంటే కంప్యూటర్ నెమ్మదించినట్టే కనిపిస్తుంది. అలాంటప్పుడు ఆ నెమ్మది ఒక హెచ్చరిక. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము, డిస్క్ తన ఆరోగ్యం గురించి తనలోనే నమోదు చేసుకునే వివరాలను చదివి చూపిస్తుంది. అక్కడ హెచ్చరిక కనిపిస్తే మొదట చేయాల్సింది ఫొటోలు, పత్రాలు వేరేచోట భద్రం చేయడం. ఆ స్థితిలో ఫార్మాట్ చేయడమంటే కూలబోతున్న ఇంట్లో సామాను సర్దకుండా సున్నం వేయించడమే. ఫ్యాన్‌లో పేరుకున్న దుమ్మునూ తీయించాలి, వేడెక్కిన ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది.

పాతబడటం అనే రెండో ప్రశ్నను విడిగా చూడాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇళ్లలో వాడేవారు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఇస్తామని ప్రకటించింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు యంత్రంలో ఉండాలి, ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే అనుమతి. అన్నయ్య యంత్రం ఎంత వేగంగా నడిచినా ఆ గడప దాటలేదు. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీకి 64 ఎంబీ ర్యామ్ కనీస అవసరమైతే 2021 నాటి విండోస్ 11కు 4 జీబీ కావాలి, 20 ఏళ్లలో 64 రెట్లు. హార్డ్‌వేర్ వేగం పెరిగే దానికంటే సాఫ్ట్‌వేర్ బరువెక్కడమే ఎక్కువగా ఉందని స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త నిక్లాస్ విర్త్ 1995లోనే ఆవేదన వ్యక్తం చేశారు. ఆ భారాన్ని ఈరోజు మోస్తున్నది పింఛను డబ్బుతో ఇల్లు నడిపేవారు.

బ్రౌజర్, ఉత్తరాలు, పిల్లల చదువు వరకే అవసరమైతే విండోస్‌కు బదులుగా వాడే లైనక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వంటి ఉచిత వ్యవస్థ అలాంటి యంత్రాలకు చక్కగా సరిపోతుంది. పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసి, నచ్చితేనే వేసుకోవచ్చు. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు కూర్చే డీటీపీ వారికి ఈ దారి కుదరదు. వారు ఆ పాత విండోస్ యంత్రాన్ని ఇంటర్నెట్‌కు కలపకుండా కూర్పు పనికే ఉంచుకోవడం మేలు.

అన్నయ్య కంప్యూటర్‌కు 256 జీబీ ఎస్ఎస్‌డీ, మరో 4 జీబీ ర్యామ్ వేయించాం. ఇప్పుడు అర నిమిషంలో లేస్తోంది. తీసేసిన హార్డ్ డిస్క్‌ను పక్కన పెట్టి, రెండో ఫార్మాట్‌లో పోయిన వాళ్లమ్మాయి పెళ్లి ఫొటోల కోసం రికవరీ ప్రోగ్రాముతో రెండు రాత్రులు వెతికాను. కొన్ని దొరికాయి. కొత్త విండోస్ వచ్చి కూర్చున్న చోట ఉన్నవి మాత్రం మళ్లీ రాలేదు.