లోన్ ఒప్పందం గారికి, డిఫెండర్ల తరఫున

మహారాజశ్రీ ఫుట్‌బాల్ లోన్ ఒప్పందం గారికి,

గోల్ ముందు మధ్యలో కాపు కాసే డిఫెండర్లు, అంటే పందొమ్మిదేళ్ల సెంటర్ బ్యాక్‌లందరి పక్షాన నమస్కారాలు. ఒక క్లబ్ తన ఆటగాణ్ణి కొన్నాళ్లు ఇంకో క్లబ్‌కి అరువిచ్చే కాగితం తమరే కదా. "మ్యాచ్‌లు ఆడితేనే కుర్రాడు రాటుదేలతాడు" అని తమరు సెలవిస్తుంటారు. నిజమే. కుర్ర స్ట్రైకర్‌ని 80వ నిమిషంలో దింపితే పోయేదేమీ లేదు. గోల్ కొడితే హీరో, కొట్టకపోతే ఎవరికీ గుర్తుండడు. వెనక వరుస సంగతి వేరు. అయిదుగురు సబ్‌స్టిట్యూట్లను వాడుకోవచ్చని నియమం ఉన్నా, గెలుస్తున్న మ్యాచ్‌లో సెంటర్ బ్యాక్‌ని మార్చే ధైర్యం ఏ కోచ్‌కీ తేలిగ్గా రాదు. ఒకరికి గాయమో రెడ్ కార్డో అయితే తప్ప కుర్రాడి వంతు రాదు. అందుకే తమరి గుమ్మం ముందు అంత క్యూ.

మరి తమరు నేర్పేదేమిటి? సొంత క్లబ్‌లో డిఫెన్స్ లైన్ మధ్య గీత దాకా జరుగుతుంది. ప్రత్యర్థి పాసర్ మీద ఒత్తిడి ఉంటే పైకి, వాడు తలెత్తి చూసే వీలుంటే వెనక్కి: అకాడమీలో ఇదే పాఠం. తమరు పంపే క్లబ్ చాలాసార్లు పట్టిక అడుగున ఉంటుంది. అక్కడ పని పెనాల్టీ బాక్స్‌లో కాపు కాయడం, క్రాస్ వస్తే తలతో బయటికి కొట్టడం. గోల్‌కీపర్ దగ్గర షార్ట్ పాస్ అందుకుంటే గ్యాలరీ గోల పెడుతుంది. ఏడాది ఇలా గడిపి తిరిగొచ్చినవాణ్ణి, కాళ్ల దగ్గర బంతి ఉంటే కంగారెందుకని సొంత కోచ్ నిలదీస్తాడు.

జోడీ గొడవ ఇంకా పెద్దది. పొడవాటి బంతికి ఎవరు ఎగరాలి, వెనక ఎవరు కాచుకోవాలి, లైన్ పైకి రమ్మని ఎవరు కేకేయాలి? ఇవి కుదరడానికి నెలలు పడుతుంది. ఒకడు అడుగు ముందుకేసి రెండోవాడు క్షణం ఆలస్యమైతే ఆఫ్‌సైడ్ ఉచ్చు తెగిపోతుంది, స్ట్రైకర్ ఒంటరిగా గోల్‌కీపర్ ముందుంటాడు. సరిగ్గా ఆ లెక్క కుదిరే వేళకి ఆటగాళ్ల మార్పిడికి జనవరి విండో తెరుచుకుంటుంది. మధ్యలో వెనక్కి రప్పించుకునే షరతు (రీకాల్ క్లాజ్) ఉంటే సొంత క్లబ్ వెనక్కి పిలుస్తుంది. లేకపోతే, అతణ్ణి అడిగి తెచ్చుకున్న కోచ్ ఉద్యోగమే ఊడుతుంది. కొత్త కోచ్‌కి అనుభవజ్ఞులు కావాలి. పైగా అద్దె ఇంటికి ఎవరూ రంగులు వేయించరు కదా.

తమరి ఘనతకి చెక్ సెంటర్ బ్యాక్ తోమాస్ కలాస్ సాక్షి. 2010లో ఇంగ్లండ్ క్లబ్ చెల్సీ కొన్నది. ఒలొమౌట్స్, వితెస్సె, కొలోన్, మిడిల్స్‌బ్రో, ఫుల్హామ్, బ్రిస్టల్ సిటీ క్లబ్‌లకు లోన్ మీద తిప్పింది. చెల్సీకి ఆడిన లీగ్ మ్యాచ్‌లు రెండు. అందులో ఒకటి 2014లో లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో, 2-0 గెలుపు. అంత బాగా ఆడినందుకు బహుమతిగా మళ్లీ సూట్‌కేసు.

ఫ్రెంచ్ సెంటర్ బ్యాక్ విలియం సలిబాను చూపించి తమరు మీసం మెలేస్తారని తెలుసు. ఆర్సెనల్ 2019లో కొని ఫ్రెంచ్ క్లబ్‌లు సెంట్-ఎటియెన్, నీస్, మార్సెయ్‌లకు పంపింది. తొలి జట్టుకి మొదటి మ్యాచ్ 2022 ఆగస్టులో. ఒప్పుకుంటాం, మార్సెయ్ ఏడాది అతణ్ణి నిలబెట్టింది. అయితే అక్కడి కోచ్ సంపౌలీ బంతిని వెనకనుంచే పాస్‌లతో ముందుకు తెచ్చే ఆట ఆడించే రకం, సలిబాను దాదాపు ప్రతి లీగ్ మ్యాచ్‌లో దింపాడు. ఆ పేరు క్లబ్ ఎంపికది, తమరిది కాదు.

2022లో ఫిఫా తమరికి కళ్లెం వేసింది. అంతర్జాతీయ లోన్ ఏడాదికి మించకూడదు, లోన్‌లో ఉన్నవాణ్ణి మూడో క్లబ్‌కి పంపకూడదు, 2024 జులై నుంచి ఒక క్లబ్ ఆరుగురినే పంపాలి. భేష్! కానీ 21 ఏళ్లు, అంతకు లోపు ఉండి, క్లబ్ తానే తయారుచేసుకున్నవాళ్లు ఆ ఆరుగురి లెక్కలోకి రారట. ఎక్కువగా తమరి సంచీలో పడేది వాళ్లే!

కాబట్టి ఈసారి సంతకానికి ముందు కొన్ని సంగతులు రాయించండి. ఆడించకపోతే ఆతిథ్య క్లబ్ జీతంలో ఎక్కువ వాటా కట్టాలి. సెంటర్ బ్యాక్‌ని సెంటర్ బ్యాక్‌గానే దించాలి, ఖాళీ ఉందని రైట్ బ్యాక్‌లో కాదు. కోచ్ మారితే వెనక్కి రావాలో వద్దో కుర్రాణ్ణే అడగాలి. ఇక ఆ క్లబ్ డిఫెన్స్ లైన్ మైదానంలో ఎంత పైకి జరిగి ఆడుతుందో వీడియోలో చూడటానికి తమరికి క్లాజ్ కూడా అక్కర్లేదు, ఓ మధ్యాహ్నం చాలు.

ఇట్లు,
సూట్‌కేసు ఇంకా విప్పని డిఫెండర్ల శ్రేయోభిలాషులు