మృగరాజు గారు కార్యక్రమ పట్టిక ప్రకారం దర్శనమివ్వగలరని మనవి

సఫారీ అంటే స్వాహిలీ భాషలో ప్రయాణమని అర్థం. మన కుటుంబాలలో మాత్రం అది పద్నాలుగు మంది సభ్యులు, మూడు ఉపసంఘాలు, ఒక వాట్సాప్ గ్రూపు కలిగిన శాశ్వత సంస్థ. టాంజానియాలోని సెరెంగెటి జాతీయ వనానికి పోదామని మా పెద్ద బావగారు సంక్రాంతి నాడు, అరిసె చేతిలో ఉండగానే ప్రకటించారు. ఆనాటి నుంచి ఈ సంస్థకు కార్యదర్శిగా సేవలందిస్తున్నాను కనుక, ఇంతవరకు ఎదురైన అవాంతరాలను పాఠకుల ముందుంచడం నా బాధ్యత.

14,763 చదరపు కిలోమీటర్ల ఆ వనాన్ని బావగారు ఒక్క ఎక్సెల్ షీటులో రెండున్నర రోజులకు కుదించారు. రెండో రోజు ఉదయం 7:30కి సింహం, 8:15కి చిరుతపులి, 9:00కి ఫలహారం, ఆ పైన మారా నదిని విల్డెబీస్టులు (గుంపులుగా వలసపోయే ఆఫ్రికా జింక జాతి పశువులు) దాటే దృశ్యానికి నలభై నిమిషాలు. వేటగాళ్లు కాలినడకన వేటాడడానికి అతి కష్టమని ఎంచిన అయిదు జంతువులకే 'బిగ్ ఫైవ్' అని పేరు. ఆ జాబితాలో అడవిదున్న కూడా ఉందని తెలిసి, దున్నపోతును చూడడానికి సముద్రం దాటాలా అని అత్తయ్య అడిగిన ప్రశ్నకు ఉపసంఘం ఇంకా సమాధానం వెతుకుతోంది.

అసలు చిక్కు విల్డెబీస్టుల వైపు నుంచే వచ్చింది. సుమారు 13 లక్షల పశువులు, వెంట లక్షల జీబ్రాలు, ఏ కమిటీ తీర్మానమూ లేకుండా వాన పడిన చోటికి పచ్చిక కోసం పోతాయట. ఫిబ్రవరిలో దక్షిణాన న్డుటు మైదానాల్లో ఈనుతాయి, మే, జూన్ నెలల్లో పడమర గ్రుమెటి నది వైపు సాగుతాయి, జూలై తరువాతే ఉత్తరాన మారా ఒడ్డుకు చేరతాయి. మన పిల్లల సెలవులేమో ఏప్రిల్, మే నెలల్లో. అప్పుడక్కడ పెద్ద వానలు: దారులు బురదమయం, కొన్ని విడిదులు మూత. ఇన్ని లక్షల ప్రాణులలో ఒక్కటైనా మన వార్షిక పరీక్షల తేదీలు కనుక్కోలేదంటే దానిని బాధ్యతారాహిత్యం అనక ఏమనాలి?

పోనీ జూలైకి వాయిదా వేద్దామంటే, ఒడ్డుకు చేరిన మంద వెంటనే దూకుతుందన్న హామీ లేదు. గంటల తరబడి గట్టు మీద గుమిగూడి, మొదటిది నీళ్లలో కాలు పెట్టబోయి, మొసలి వాసన తగిలిందో ఏమో, గిరుక్కున వెనక్కి తిరిగితే, వేలాది పశువులు దాని వెంటే మళ్లుతాయి. (ఈ పద్ధతి మా సర్వసభ్య సమావేశాలకు కొత్తేమీ కాదు.)

దుస్తుల ఉపసంఘం మరింత ఇరుకున పడింది. బావగారు ఇంటిపేరు, సింహం బొమ్మ అచ్చు వేయించి పద్నాలుగు ముదురు నీలం టీషర్టులు కుట్టించారు. అక్కడి రక్తం పీల్చే సెట్సీ ఈగలకు నీలం, నలుపు రంగులంటే ప్రాణమని, వాటిని పట్టడానికి అక్కడి చెట్లకు సరిగ్గా ఆ రంగుల గుడ్డలే వేలాడదీస్తారని తరువాత తెలిసింది. దర్జీ డబ్బు వాపసు ఇవ్వనన్నాడు. టాంజానియాలోని అరూషా పట్టణం నుంచి ఎక్కే చిన్న విమానంలో మనిషికి 15 కిలోలే, అదీ మెత్తటి సంచిలోనే అన్నారు. అత్తయ్య తన వాటాలో తొమ్మిది కిలోలు ఆవకాయకు, గోంగూరకు కేటాయించారు. వాటిని చుట్టిన ప్లాస్టిక్ క్యారీ బ్యాగులను ఆ దేశం 2019 జూన్ 1 నుంచి నిషేధించింది కనుక, అవి పాత చీర ముక్కల్లోకి మారాయి. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే వేయించుకోవాలన్న విషయంలో మాత్రం ఎవరూ వాదించలేదు. ఎల్లో ఫీవర్ ముప్పున్న దేశాల నుంచి సర్టిఫికెట్ లేకుండా వస్తే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల వరకు విడిగా ఉంచవచ్చని విన్న చిన్న బావమరిది ఒక్కడే, అక్కడ భోజనం ఎలా ఉంటుందని ఆరా తీశాడు.

చివరికి షీటు పట్టుకుని అక్కడి డ్రైవర్ గైడుకు ఫోన్ చేశాం. 7:30 సింహం సంగతి ఆయన మర్యాదగా విని, 'పోలే పోలే' అన్నాడు. మెల్లగా, మెల్లగా అని దాని అర్థం. ఆ పైన ఒకే ఒక్క ప్రశ్న వేశాడు: నది ఒడ్డున బండిలో మూడు నాలుగు గంటలు అందరూ మాట్లాడకుండా కూర్చోగలరా? ఈ అంశంపై సభ్యులందరూ ఏకకాలంలో గంటన్నర సేపు బిగ్గరగా చర్చించి, నిర్ణయాన్ని వచ్చే సమావేశానికి వాయిదా వేశారు.