పాత గుహలకు కొత్త రూల్స్

విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ 2025లో డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌కు కొత్త స్టార్టర్ సెట్ తెచ్చింది. పేరు 'హీరోస్ ఆఫ్ ది బోర్డర్‌ల్యాండ్స్'. కొత్తవాళ్ల కోసం చేసిన ఆ పెట్టెకు మూలం మాత్రం ఈ ఆట సృష్టికర్తల్లో ఒకరైన గ్యారీ గైగాక్స్ నాలుగున్నర దశాబ్దాల కిందట రాసిన 'ది కీప్ ఆన్ ది బోర్డర్‌ల్యాండ్స్'. అంతకుముందే, 2018లో, గుడ్‌మన్ గేమ్స్ ఇదే మాడ్యూల్‌ను ఐదో ఎడిషన్‌కు (2014లో వచ్చిన కొత్త రూల్స్‌కు) మార్చి పాత ప్రతితో కలిపి అచ్చు వేసింది. ఇళ్లలో ఎవరికి వాళ్లు చేసుకునే మార్పులకైతే లెక్కే లేదు. ఇంతమంది చేతులు పడ్డ ఈ మాడ్యూల్‌ విషయంలో కూడా ఎక్కువమంది కష్టపడేది అంత కష్టం అక్కర్లేని చోటే అని నా ఫిర్యాదు.

ఆట తెలియనివారికి రెండు ముక్కలు. ఒకరు డంజియన్ మాస్టర్‌గా కూర్చుని కథ, లోకం నడిపిస్తారు. మిగతావాళ్లు తలో పాత్ర తీసుకుంటారు. కత్తి దెబ్బ తగిలిందా, గోడ ఎక్కగలిగారా అన్నది డైస్ తేలుస్తుంది. మాడ్యూల్ అంటే ముందే రాసిపెట్టిన సాహసం: మ్యాపు, గదులు, రాక్షసులు, నిధులు. ఈ మాడ్యూల్‌లో సరిహద్దున ఒక కోట, దానికి కాస్త దూరంలో కేవ్స్ ఆఫ్ కేయాస్ అనే గుహలు ఉంటాయి. ఒక్కో గుహలో ఒక్కో తెగ: ఓర్క్‌లు, గోబ్లిన్‌లు, కోబోల్డ్‌లు లాంటి రాక్షస జాతులు.

మార్పిడి అనగానే అందరూ ముందు పట్టుకునేది అంకెలనే. 1981 నాటి బేసిక్ రూల్స్‌లో ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలడం ఎంత కష్టమో చెప్పే అంకె) తగ్గేకొద్దీ మంచిది, కవచం లేనివాడికి 9. ఇప్పుడు పెరిగేకొద్దీ మంచిది, కవచం లేనివాడికి 10. కాబట్టి 19లోంచి పాత అంకె తీసేస్తే కొత్తది వస్తుందని ఒక సూత్రం. దీన్ని ఓగర్ అనే భారీ రాక్షసుడి మీద పెట్టి చూడండి. పాత ఆర్మర్ క్లాస్ 5, కొత్తది 14 రావాలి. 2014 నాటి రాక్షసుల పుస్తకం మాన్‌స్టర్ మాన్యువల్‌లో ఉన్నది 11. పాత ఓగర్‌కు సగటున 19 హిట్ పాయింట్లు (ఎన్ని దెబ్బలు తట్టుకుంటుందన్న లెక్క), కొత్తదానికి 59. అంటే కొత్త ఓగర్‌ను కొట్టడం తేలిక, పడగొట్టడం ఆలస్యం. సూత్రంతో తయారైన ఓగర్ అటు పాత ఆటకూ చెందదు, ఇటు కొత్త ఆటకూ చెందదు. పుస్తకం తెరిచి అందులోని ఓగర్‌ను దించుకుంటే ఒక్క నిమిషంలో అయిపోయే పనికి స్ప్రెడ్‌షీట్‌లు ఎందుకో నాకు అర్థం కాదు.

అసలు చిక్కు రాక్షసుల పేజీల్లో లేదు. ఆటగాడికి దేనికి ఫలితం దక్కుతుందన్న దగ్గర ఉంది. పాత బేసిక్‌లో ఫైటర్ (యోధుడి పాత్ర) రెండో లెవెల్‌కు, అంటే బలం పెరిగే తర్వాతి మెట్టుకు, వెళ్లాలంటే 2000 ఎక్స్‌పీరియన్స్ పాయింట్లు కావాలి. ఒక ఓర్క్‌ను చంపితే వచ్చేవి 10. నలుగురు ఫైటర్లు చంపడం మీదే బతకాలనుకుంటే 800 మంది ఓర్క్‌లు కావాలి. గుహలన్నీ గాలించినా అంతమంది దొరకరు. కానీ తెచ్చుకున్న ప్రతి బంగారు నాణేనికీ ఒక పాయింటు ఉంది. కాబట్టి తెలివైనవాళ్లు యుద్ధం తప్పించుకుని నిధి ఎత్తుకొచ్చేవారు. ఐదో ఎడిషన్‌లో రెండో లెవెల్‌కు 300 చాలు, 2014 పుస్తకం ప్రకారం ఓర్క్‌కు 100 పాయింట్లు, బంగారానికి సున్నా. నలుగురికి 12 మంది ఓర్క్‌లు సరిపోతారు.

గదులు అవే, మ్యాపు అదే. కానీ దొంగతనం కథ కాస్తా దండయాత్ర కథ అయిపోయింది.

దండయాత్రకు ఆ గుహలు పనికిరావు. ఒక గుహను కదిలిస్తే డజన్ల కొద్దీ మీద పడతారు. గోబ్లిన్‌లకు ఇబ్బంది వస్తే పక్క గుహలోని ఓగర్‌కు 250 బంగారు నాణేల సంచి విసిరి సాయానికి పిలుస్తారు. కొత్త పద్ధతిలో మార్చేవాళ్లు ఇక్కడ బెదిరిపోయి, ఎన్‌కౌంటర్ లెక్కలు (ఒక్కో పోరాటంలో ఎంతమంది శత్రువులను ఆటగాళ్లు తట్టుకోగలరన్నవి) ముందేసుకుని, గదికి నలుగురు గోబ్లిన్‌లను మిగిల్చి ఓగర్‌ను నిద్రపుచ్చుతారు. నా దృష్టిలో ఇది మాడ్యూల్‌ను చంపడమే. ఆ సంచి ఉన్నది ఓగర్‌తో కొట్లాడమని కాదు. ఓగర్ అమ్ముడుపోతాడని ఆటగాళ్లకు తెలిస్తే, వాళ్లు 300 ఇచ్చి కొనేసుకోవచ్చు. అంకెలు తగ్గించే బదులు ఫలితాన్ని సరిచేయాలి. మొదటి లెవెల్‌లో కోటకు చేర్చిన ప్రతి ఏడు నాణేలకు ఒక పాయింటు ఇస్తే పాత వేగం దాదాపుగా దక్కుతుంది. 2000కూ 300కూ ఉన్న నిష్పత్తి అంతే. తర్వాతి కొన్ని లెవెళ్లలో ఆ నిష్పత్తి తగ్గుతూ వస్తుంది కాబట్టి మళ్లీ లెక్క వేసుకోవాలి. చంపినందుకు ఇచ్చేది మాత్రం బాగా కోసేయాలి.

రెండో చిక్కు విశ్రాంతి. పాత రూల్స్‌లో రోజంతా పడుకుంటే ఒకటి నుంచి మూడు హిట్ పాయింట్లు తిరిగొచ్చేవి. సున్నాకు పడితే చావే. గాయపడ్డవాళ్లు కోటకు వెళ్లి రోజుల తరబడి ఉండాల్సిందే. అక్కడి గుడి, సత్రం, కబుర్లు చెప్పేవాళ్లు, అనుమానంగా చూసేవాళ్లు కథలోకి వచ్చేది అప్పుడే. ఈలోగా గుహల్లోవాళ్లు కాపలా పెంచుకునేవారు. ఇప్పుడు ఎనిమిది గంటలు కునుకు తీస్తే ఒళ్లంతా కొత్తదవుతుంది. అడవిలో టెంటు వేసుకుని పొద్దున్నే మళ్లీ దూకొచ్చు. అలాంటప్పుడు కోటతో పనేముంది? మాడ్యూల్ పేరులోనే ఉన్న కోట అలంకారంగా మిగిలిపోతుంది. దీనికి మందు 2014 డంజియన్ మాస్టర్స్ గైడ్‌లోనే ఉంది: షార్ట్ రెస్ట్‌కు (చిన్న విరామానికి) ఎనిమిది గంటలు, లాంగ్ రెస్ట్‌కు (ఒళ్లంతా కొత్తదయ్యే పూర్తి విశ్రాంతికి) ఏడు రోజులు పట్టే వేరియంట్ రూల్. అంత కఠినం వద్దనుకుంటే లాంగ్ రెస్ట్ కోట గోడల లోపలే అని ఒక్క మాట పెట్టుకున్నా చాలు.

మొరేల్, అంటే శత్రువులు ఎంతవరకు నిలబడి పోరాడతారన్న ధైర్యపు అంకె, సంగతి త్వరగా చెప్పేస్తాను. పాత బేసిక్‌లో కోబోల్డ్‌ల మొరేల్ 6. తమవాడు ఒకడు పడగానే రెండు ఆరు ముఖాల డైస్ వేస్తారు, 6 దాటితే పారిపోతారు. అంటే సగానికి పైగా సార్లు కాలికి బుద్ధి చెబుతారన్నమాట. (నాయకుడు పక్కనుంటే కొంత ధైర్యం ఎక్కువ.) ఐదో ఎడిషన్‌లో ఇది ఐచ్ఛికంగా ఒక మూల పడి ఉంది, అందుకే చాలా టేబుళ్ల దగ్గర ప్రతి కోబోల్డూ ఆఖరి శ్వాస దాకా పోరాడే వీరుడే. పాత పద్ధతిని ఉన్నది ఉన్నట్టు తెచ్చుకోండి. కొత్త రూల్స్‌లో దేనికీ అడ్డురాదు.

ఇంత పాతదనం కావాలంటే పాత రూల్స్‌తోనే ఆడొచ్చుగా అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ మొదటి లెవెల్ మాంత్రికుడు ఒక్క మంత్రం వేసి మిగతా రోజంతా టార్చ్ పట్టుకు నిలబడటంలో నాకు గొప్ప కనిపించదు. కొత్త ఎడిషన్‌లో పాత్రలు చేయగల పనులు ఎక్కువ, తగిలిందా లేదా అన్న లెక్క సులువు. అవి వదులుకోకుండా పాత గుహల ఒత్తిడి కావాలనుకునేవాళ్లకే ఈ తిప్పలు.

పాత పుస్తకం వదిలేసిన సమస్య ఒకటుంది. ఆ గుహల్లో పోరాడనివాళ్లూ, పిల్లలూ ఉంటారు. వాళ్లను ఏం చేయాలో గైగాక్స్ చెప్పలేదు. ఈలోగా ఆట కింద నేల కదిలింది. 2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో ఓర్క్ ఆటగాళ్లు ఎంచుకోగల జాతి. 2025లో వచ్చిన మాన్‌స్టర్ మాన్యువల్‌లో ఓర్క్‌కు విడిగా పేజీ లేదు. అంటే గుహ ముందు నిలబడ్డ నలుగురిలో ఒకరు ఓర్క్ కావచ్చు. తెగల మధ్య పగలు, పొత్తులు పాత మాడ్యూల్‌లోనే ఉన్నాయి. అక్కడున్న రెండు ఓర్క్ తెగల్లో ఈ పాత్ర దేనికి చుట్టం, ఎవరికి పగ, లోపలికి రానిచ్చేది ఎవరు అన్నది డంజియన్ మాస్టర్ మొదటి రోజు ఆటకు ముందే రాసిపెట్టుకోవాలి. ఆర్మర్ క్లాస్ అయితే టేబుల్ దగ్గర కూర్చున్నాక కూడా చూసుకోవచ్చు.