ముప్పై వేల రూపాయలతో పాత జెన్ ర్యాలీ కారు అయిపోదు

కొంతకాలంగా పాత చిన్న కార్ల మీద మక్కువ ఉన్న యువకుల ఫోన్లలో ఒక సందేశం తిరుగుతోంది. దాని సారాంశం ఇది: ఇంట్లో పడి ఉన్న పాత మారుతి జెన్ మీద 30 వేలు ఖర్చు పెడితే అది ర్యాలీ కారు అయిపోతుంది. కోన్ ఫిల్టరు (డబ్బా లేకుండా తెరిచి పెట్టే శంకువు ఆకారపు గాలి ఫిల్టరు), ఫ్రీ ఫ్లో సైలెన్సరు (పొగకు అడ్డు తక్కువగా ఉండేది) వేస్తే 30 శాతం పవరు పెరుగుతుంది. స్ప్రింగులు ఒకటిన్నర చుట్టు కోయిస్తే మలుపుల్లో కారు నేలకు అతుక్కుపోతుంది. టైర్లు ఎంత వెడల్పయితే అంత పట్టు. ఇంకా పవరు కావాలంటే మారుతి వాళ్లదే మరో కారు ఎస్టీమ్ ఇంజను ఎక్కించాలి. బ్రేకులు, రోల్ కేజ్ (బండి పల్టీ కొడితే లోపలివాళ్లను కాపాడే ఉక్కు గొట్టాల చట్రం) తరవాత తీరిగ్గా చూసుకోవచ్చు. అంతా అయ్యాక రాత్రిపూట ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒకసారి పరీక్షించుకోవాలి.

మా అన్నయ్య కొడుకు ఇదే సందేశాన్ని నాకు పంపి, "బాబాయ్, మన జెన్‌కి ఇలాగే చేయిద్దామా?" అని అడిగాడు. వాడికి చెప్పిన సమాధానాన్నే ఇక్కడ విపులంగా రాస్తున్నాను, ఎందుకంటే ఈ సందేశంలోని తప్పులు డబ్బు వృథా చేయడంతో ఆగేవి కావు, మనుషుల ఎముకలు విరగ్గొట్టేవి.

అందులో ఒప్పుకోవలసిన మాట ఒకటుంది. ఔత్సాహిక పోటీలకు జెన్ నిజంగానే మంచి పునాది. 1993లో వచ్చిన ఆ కారులో 993 సీసీ నాలుగు సిలిండర్ల అల్యూమినియం ఇంజను ఉంది, సుమారు 50 హార్స్‌పవర్ ఇస్తుంది. బండి బరువు 750 కిలోల అటూఇటూ. సిలిండరు వ్యాసం 72 మిల్లీమీటర్లు కాగా పిస్టను నడక 61 మిల్లీమీటర్లే కాబట్టి ఆ ఇంజను వేగంగా తిరగడానికి ఇష్టపడుతుంది. విడిభాగాలు నేటికీ ఏ ఆటోనగర్‌లో అడిగినా దొరుకుతాయి. ఇక్కడివరకూ నాకు పేచీ లేదు. ఆ పునాది మీద ఏం కట్టాలన్న దగ్గరే సందేశం దారి తప్పింది.

ముందుగా 30 శాతం పవరు సంగతి చూద్దాం. ఇంజను ఇచ్చే శక్తి అది నిమిషానికి ఎంత గాలి పీల్చి కాల్చగలదన్న దాని మీద ఆధారపడుతుంది. శక్తి 30 శాతం పెరగాలంటే అదే ఆర్‌పీఎం (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర దాదాపు 30 శాతం ఎక్కువ గాలి సిలిండర్లలోకి వెళ్లాలి. శుభ్రంగా ఉన్న కాగితపు ఫిల్టరు దగ్గర గాలి కోల్పోయే పీడనం మహా అయితే ఒకటి రెండు కిలోపాస్కళ్లు. వాతావరణ పీడనం 100 కిలోపాస్కళ్లు. అంటే ఫిల్టరును పూర్తిగా పీకేసినా దక్కేది ఒకటి రెండు శాతమే. ఇంజనుకు అసలు ఇరుకు వాల్వుల దగ్గర, పోర్టుల దగ్గర, క్యామ్ షాఫ్టు ఆకృతి దగ్గర ఉంటుంది, కోన్ ఫిల్టరు వాటి జోలికే పోదు. పైగా బానెట్ కింద తెరిచి పెట్టిన కోన్, రేడియేటరు వెనకాల కాగిన గాలినే పీలుస్తుంది. బయట 30 డిగ్రీలున్నప్పుడు బానెట్ కింద 60 డిగ్రీలుంటే ఆ గాలి సాంద్రత సుమారు 9 శాతం తగ్గుతుంది. కంపెనీ వాళ్లు ముందు భాగం నుంచి చల్లగాలి కోసం గొట్టం పెట్టింది అందుకే. ఒక చేత్తో రెండు శాతం ఇచ్చి మరో చేత్తో అంతకు మించి లాక్కునే ఈ మార్పు వల్ల శబ్దం మాత్రం పెరుగుతుంది, ఆ శబ్దాన్ని విని బండి వేగం పుంజుకుందని నమ్మేస్తాం.

కార్బురేటరు జెన్‌లకు మరో ముప్పు ఉంది. గాలి దారి, పొగ దారి రెండూ మార్చి జెట్లు (కార్బురేటరులో పెట్రోలును కొలిచి వదిలే సన్నటి రంధ్రాలు) మార్చకపోతే మిశ్రమంలో పెట్రోలు వాటా తగ్గుతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వల్ల, పాత జెట్లతో ఆ మిశ్రమం అప్పటికే ఏడెనిమిది శాతం పలచబడి ఉంటుంది. దాని మీద ఇది తోడైతే ఇంజను వేడెక్కుతుంది, టకటకమని కొట్టుకుంటుంది, చివరికి ఎగ్జాస్ట్ వాల్వులు కాలిపోతాయి. ఇంజను ఏ స్థితిలో ఉందో తెలుసుకోవడానికి ఖరీదైన పరికరం అక్కరలేదు. గట్టిగా నడిపిన వెంటనే ఇంజను ఆపి, ఒక స్పార్క్ ప్లగ్గు విప్పి చూడండి. లోపలి పింగాణీ కాఫీపొడి రంగులో ఉంటే మిశ్రమం సరిగ్గా ఉన్నట్టు, మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు, సున్నం వేసినట్టు తెల్లగా ఉంటే ప్రమాదం దగ్గర్లో ఉన్నట్టు. నాలుగు ప్లగ్గులూ ఒకే రంగులో లేకపోతే ట్యూనింగ్ మాట పక్కన పెట్టి ముందు కంప్రెషన్ పరీక్ష (సిలిండర్లు పీడనం నిలుపుతున్నాయో లేదో చూసేది) చేయించాలి. పాతికేళ్లు దాటిన ఇంజను విషయంలో, కొత్తగా శక్తి చేర్చడం కంటే పోయిన శక్తిని వెనక్కి తెచ్చుకోవడమే చౌకైన ట్యూనింగ్: వాల్వు క్లియరెన్సులు, డిస్ట్రిబ్యూటరు టైమింగు, వాక్యూమ్ గొట్టాలు, కార్బురేటరు శుభ్రత.

స్ప్రింగులు కోయించడం గురించి నేను విని చెప్పడం లేదు. మొదటి జెన్ కొన్న కొత్తలో నేనూ ఒక వర్క్‌షాపులో ముందు స్ప్రింగులు రెండూ ఒకటిన్నర చుట్టు కోయించాను. రోడ్డు మీద బండి ముద్దుగా కనిపించింది. తరవాత ఒక మట్టి మైదానంలో జరిగిన ఆటోక్రాస్‌లో (గుర్తులు పెట్టిన దారిలో సమయం లెక్కించే పోటీలో) చిన్న మిట్ట దాటగానే ముందు ఎడమవైపు నుంచి ఇనుప గిన్నె పడినట్టు చప్పుడైంది, స్టీరింగు ఒక పక్కకు లాగింది. బయటికి వచ్చి జాకీ ఎత్తి చూస్తే ఆ స్ప్రింగు చేత్తో తిప్పితే గిర్రున తిరుగుతోంది. చక్రం గాల్లోకి లేచి కిందికి వేలాడినప్పుడు, పొట్టిదైపోయిన స్ప్రింగు తాను ఆనుకునే గిన్నెలోంచి జారి, దిగేటప్పుడు అడ్డంగా కూర్చుంది. కోసిన కొస చదునుగా లేకపోవడంతో అది గిన్నెలో సరిగ్గా ఆనలేదు కూడా. టైరు లోపలి గోడ మీద వేలెడంత పొడవున గీత పడింది. ఆ గీత ఇంకొంచెం లోతుగా దిగి ఉంటే ఏమై ఉండేదో ఇప్పటికీ తలచుకుంటే గుండె ఝల్లుమంటుంది.

లెక్క కూడా ఇదే చెబుతుంది. పనిచేసే చుట్లు ఆరున్న స్ప్రింగులో ఒకటిన్నర తీసేస్తే దాని గట్టిదనం సుమారు 33 శాతం పెరుగుతుంది. షాకబ్జార్బరు మాత్రం పాత స్ప్రింగుకు తగినదే కాబట్టి, కుదుపు తరవాత బండి ఎగురుతూనే ఉంటుంది. చక్రం పైకి కదలడానికి ఉన్న చోటు తగ్గి సస్పెన్షన్ రబ్బరు స్టాపరుకు తగిలిన క్షణంలో టైరు పట్టు తప్పుతుంది. జెన్ ముందు భాగంలో ఉన్న మెక్‌ఫర్సన్ స్ట్రట్ అమరికను (స్ప్రింగు, షాకబ్జార్బరు కలిసి ఒకే నిలువు కాలులా ఉండేది) మరీ కిందికి దించితే, చక్రాన్ని కింది నుంచి బండికి కలిపే లోయర్ ఆర్మ్ చక్రం వైపు పైకి వాలుతుంది, అప్పుడు బండి మలుపులో తక్కువ ఒరగడానికి బదులు ఎక్కువ ఒరగజూస్తుంది. స్టీరింగు రాడ్ల కోణం కూడా మారిపోయి, గుంట తగిలినప్పుడల్లా చక్రం తనంతట తానే తిరుగుతుంది. కోయడానికి గ్యాస్ వెల్డింగు మంట వాడితే ఉక్కుకున్న పదును పోయి స్ప్రింగు ఎప్పుడో ఒకనాడు విరుగుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, మన దగ్గర ఆటోక్రాస్‌లు, ర్యాలీలు ఎక్కువగా మట్టి మీద జరుగుతాయి. అక్కడ బండి ఎత్తు తగ్గించడం కాదు, కాపాడుకోవడమే పని. కొత్త షాకబ్జార్బర్లు, కొత్త బుష్‌లు, ఇంజను కింద ఒక గట్టి సంప్ గార్డు, సరైన వీల్ ఎలైన్‌మెంట్ ఉంటే, పాత స్ప్రింగులతోనే బండి మనిషి మాట వింటుంది.

వెడల్పాటి టైర్ల సంగతికి పెద్ద వాదన అవసరం లేదు. జెన్‌కు వచ్చే 145/70 ఆర్13 టైరు మొత్తం ఎత్తు సుమారు 533 మిల్లీమీటర్లు. దాని స్థానంలో 175/70 ఆర్13 వేస్తే ఎత్తు 575 అవుతుంది, అంటే దాదాపు 8 శాతం పెద్దది. ప్రతి గేరులోనూ లాగుడు దాదాపు అంతే మేరకు తగ్గి, 50 హార్స్‌పవర్ బండి మలుపులోంచి లేవడానికే ఆయాసపడుతుంది. వదులు మట్టి మీద సన్నటి టైరే పైపొరను కోసుకుంటూ కింది గట్టినేలను అందుకుంటుంది. తారు ట్రాక్ మీద మాత్రం కొంచెం వెడల్పు పనికొస్తుంది. అప్పుడు 165/65 ఆర్13 వేసుకుంటే ఎత్తు 2 శాతమే పెరుగుతుంది. టైరు ఏదైనా, దాని పక్కగోడ మీద చివర ఉండే నాలుగు అంకెలను చదవండి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైంది. అరుగుదల లేకపోయినా ఏళ్ల తరబడి ఎండకు గట్టిపడిన రబ్బరుతో పోటీకి దిగకూడదు.

ఎస్టీమ్ ఇంజను విషయం. 1298 సీసీ ఇంజను అదే కుటుంబానికి చెందినది కాబట్టి జెన్‌లో ఇముడుతుందన్నది నిజమే, అనుభవజ్ఞులు చేసి చూపించారు కూడా. కానీ పోటీల్లో తరగతులు ఇంజను సీసీని బట్టి ఉంటాయి, మార్పులు చేయని బండ్లకూ చేసిన బండ్లకూ కూడా వేర్వేరుగా ఉంటాయి. ఇంజను మార్చిన రోజు నుంచి మీరు కొత్తవాళ్ల తరగతి దాటి, ఏళ్ల తరబడి బండి కట్టుకున్న వాళ్ల మధ్యకు వెళతారు. ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా అనుమతితో జరిగే ప్రతి పోటీకీ ముందుగా నిబంధనల పత్రం వస్తుంది. స్పానరు పట్టుకునే ముందు దాన్ని చదవాలి. అదే బండిని రోడ్డు మీద కూడా తిప్పాలనుకుంటే 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అడ్డు నిలుస్తుంది. తయారీదారు నిర్దేశించిన ప్రమాణాలకు భిన్నంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. అదే ఏడాది జరిగిన సవరణ ప్రకారం ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ ఆరు నెలల వరకు జైలు గానీ రెండూ గానీ పడవచ్చు.

ఇక బ్రేకులు, కేజ్ తరవాత చూసుకోవచ్చన్న మాట. సందేశం మొత్తంలో నాకు కోపం తెప్పించినది ఇదే. మనిషితో కలిపి 820 కిలోల జెన్ 80 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆగాలంటే దాదాపు 200 కిలోజౌళ్ల శక్తిని వేడిగా మార్చాలి. అందులో 70 శాతం ముందు డిస్కులదే భారం అనుకుని, ఒక్కో డిస్కు మూడున్నర కిలోలు అనుకుంటే, ఒక్కసారి ఆపినందుకే డిస్కు వేడి 40 డిగ్రీలకు పైగా పెరుగుతుంది. ఆటోక్రాస్ మలుపుల్లో అది చల్లారే వ్యవధి ఉండదు. ఆ వేడి, ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్‌లోని బ్రేకు ఆయిలుకు చేరుతుంది. డాట్ 3 రకం కొత్త ఆయిలు కనీసం 205 డిగ్రీల వరకు మరగకూడదన్నది ప్రమాణం, తేమ పీల్చుకున్నాక అది 140కి పడిపోతుంది. డాట్ 4కు ఆ అంకెలు 230, 155. ఆయిలు మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు ఏర్పడతాయి, పెడల్ తొక్కితే నేల దాకా వెళుతుంది, బండి ఆగదు. వేగం 80 నుంచి 96కు పెరిగితే, అంటే 20 శాతం పెరిగితే, ఆపవలసిన శక్తి 44 శాతం పెరుగుతుంది. ముందు ఇంజనుకు పవరు చేర్చి తరవాత బ్రేకులు చూసుకుందామన్న వరస ఎంత తలకిందులో చెప్పడానికి ఈ లెక్క చాలు.

కేజ్ విషయంలో మరో అపోహ ఉంది, ఏదో ఒక పైపు వంచి బిగిస్తే చాలునని. నీళ్ల కోసం వాడే జీఐ పైపుతో చేసిన కేజ్‌లను నేను కళ్లారా చూశాను. జింకు పూత మీద వేసిన వెల్డింగు గట్టిగా నిలవదు, ఆ పైపు దెబ్బను ఓర్చుకోవడానికి చేసినది కాదు. అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌ఐఏ నిబంధనల్లో ప్రధాన చట్రానికి అతుకులేని ఉక్కు గొట్టం, కనీసం 45 మిల్లీమీటర్ల వ్యాసం, రెండున్నర మిల్లీమీటర్ల మందం, లేదా 50 మిల్లీమీటర్ల వ్యాసం, రెండు మిల్లీమీటర్ల మందం ఉండాలని ఉంది. బండి అడుగు రేకుకు బిగించే ప్రతిచోటా 3 మిల్లీమీటర్ల మందంతో, 120 చదరపు సెంటీమీటర్లకు తగ్గని పట్టీ వేయాలి. అంత చేసినా కింది రేకు తుప్పు పట్టి ఉంటే ప్రయోజనం లేదు. అందుకే కార్పెట్ లేపి, డోర్ల కింది సిల్లులూ స్ట్రట్ పైభాగాలూ స్క్రూడ్రైవరు మొనతో ఒత్తి చూడాలి, మొన లోపలికి దిగితే ముందు రేకు పని. కేజ్ ఉన్న బండిలో హెల్మెట్, హార్నెస్ బెల్టు, గొట్టాల మీద మెత్తటి పట్టీ లేకుండా కూర్చుంటే, కాపాడవలసిన ఆ గొట్టమే తలకు తగులుతుంది.

చివరిది, ఔటర్ రింగ్ రోడ్డు మీద రాత్రి పరీక్ష. ఇది సలహా కాదు, నేరం. బహిరంగ రహదారి మీద వేగ పరీక్షలు, పందేలు చట్టంలోని 189వ సెక్షను కింద శిక్షార్హమైనవి. అదే దారిలో కూరగాయలు తీసుకెళ్లే లారీ డ్రైవరుకూ, ఊరి నుంచి తిరిగొస్తున్న కుటుంబానికీ మీ పరీక్షతో సంబంధం లేదు. పరీక్షించుకోవడానికి శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల ట్రాక్ ఉంది, కోయంబత్తూరులో కారి మోటార్ స్పీడ్‌వే ఉంది. ట్రాక్ డే రుసుము కట్టి వెళితే అక్కడ అంబులెన్సు, ఫ్లాగు పట్టుకున్న మార్షల్ ఉంటారు.

మా వాడికి ఇవన్నీ చెప్పి, గత ఆదివారం ఇద్దరం కలిసి జెన్ ముందు చక్రాలు విప్పాం. కాలిపర్ బ్లీడ్ నట్టు వదులు చేసి వాడిని పెడల్ తొక్కమంటే, సీసాలోకి వచ్చిన బ్రేకు ఆయిలు డికాషన్ రంగులో ఉంది. బంగారు రంగు వచ్చేదాకా కొత్త డాట్ 4 పోస్తూ నాలుగు చక్రాలకూ ఎయిర్ తీశాం. కోన్ ఫిల్టరు కోసం దాచుకున్న డబ్బులోంచి కొత్త బ్రేకు ప్యాడ్లు, ముందు గొట్టాలు రెండూ కొన్నాడు. వచ్చే వారం షాకబ్జార్బర్ల పని.