బొమ్మ మీద ప్రాక్టీసు సరే, తర్వాతి మాటో?
మందు పొరపాటు జరిగాక నర్సు చేత సిమ్యులేషన్‌లో (అంటే రోగి బదులు బొమ్మ మీద) అదే కేసు మళ్లీ చేయిస్తే భయం పోతుందన్నారు ఓ వ్యాసంలో. సగమే ఒప్పుకుంటాను. అసలు పని బొమ్మ దగ్గర కాదు, తర్వాత కూర్చుని జరిగింది మాట్లాడుకునే డీబ్రీఫింగ్‌లో జరుగుతుంది. సీను 10 నిమిషాలైతే మాటకు కనీసం 20 ఇవ్వాలి. ముందు మనసులో ఏమైందో అడగాలి, ఆ తర్వాతే ఏ స్టెప్పు తప్పిందో. మన గుంటూరు, బెజవాడ వార్డుల్లో "ఎవరు ఎక్కించారు?" అని మొదలుపెట్టి మెమోతో ముగిస్తే ఇక ఎవరూ నోరు విప్పరు. పలచన చేయకుండా ఎక్కిస్తే ప్రాణం తీయగల పొటాషియం క్లోరైడ్, మందు కలిపే స్టెరైల్ వాటర్ యాంప్యూల్స్ (చిన్న మందు సీసాలు) ఒకేలా ఉండి ఒకే ట్రేలో పడుంటే తప్పు ఆ సిస్టర్ ఒక్కదానిదేనా? సీనులోనూ ఆ ట్రేను అలాగే పెట్టాలి. ఘటన జరిగిన మర్నాడే, అదీ ఇన్‌ఛార్జ్ నోట్‌బుక్ పట్టుకుని చూస్తుండగా చేయిస్తే మాత్రం పుండు మీద కారం చల్లినట్టే. ఇష్టం లేదంటే మధ్యలో ఆపేసే వీలు కూడా ఉండాలి.