సంక్రాంతికి మనం లేని ఆసియా కప్

2019 భోగి నాటి రాత్రి షార్జాలో బహ్రెయిన్‌తో మన ఫుట్‌బాల్ జట్టు మ్యాచ్ ఆడింది. డ్రా చేసుకున్నా చాలు, ఆసియా కప్‌లో మొట్టమొదటిసారి నాకౌట్‌కి వెళ్లేవాళ్లం. బెజవాడలో పొద్దున వేసిన భోగి మంటల బూడిద ఇంకా సందు మొగల్లో అలాగే ఉంది, ఇళ్లలో అరిసెల డబ్బాలు తెరుచుకున్నాయి, ఆడవాళ్లు తెల్లారి పెద్ద ముగ్గు కోసం వాకిళ్లు కడుగుతున్నారు. ఆ హడావుడి మధ్య టీవీల ముందు కూర్చున్న కొద్దిమందిమి మాత్రం గడియారం వంకే చూస్తున్నాం. తొంభై నిమిషాలు గడిచాయి, స్కోరు 0-0. ఇంజురీ టైమ్‌లో మన బాక్స్‌లో ఫౌల్, పెనాల్టీ, గోల్. అంతే, ఇంటికి వచ్చేశాం.

ఆ రాత్రి టెన్షన్‌ని మళ్లీ ఒకసారి పడాలని మాకు చాలా ఆశగా ఉంది. ఈ మధ్య ఆసియా కప్ మనకు సరిగ్గా పండగ రోజుల్లోనే వస్తోంది. 2011లో, 2019లో, 2024లో మన జట్టు ఆడింది జనవరిలోనే. 2027 టోర్నీ కూడా జనవరి 7న సౌదీ అరేబియాలో మొదలవుతుంది, కానీ అందులో మనం లేం. క్వాలిఫయర్స్‌లో మన గ్రూపులో ఉన్నవి హాంకాంగ్, సింగపూర్, బంగ్లాదేశ్. జపానూ కాదు, ఇరానూ కాదు. షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్‌తో 0-0, హాంకాంగ్ వెళ్లి 1-0తో ఓటమి, సింగపూర్‌లో 1-1. 2025 అక్టోబర్ 14న గోవాలో, సొంత జనం ముందు, మొదటి గోల్ మనమే కొట్టి కూడా సింగపూర్ చేతిలో 2-1తో ఓడిపోయాం, దాంతో దారి మూసుకుపోయింది. నవంబర్‌లో ఢాకా వెళ్లి బంగ్లాదేశ్ చేతిలోనూ ఓడాం, 22 ఏళ్ల తర్వాత మొదటిసారి. హాంకాంగ్, సింగపూర్ రెండూ కలిపినా జనాభాలో మన ఆంధ్రప్రదేశ్‌లో మూడో వంతు కూడా ఉండవు. కాబట్టి జనం లేక ఓడిపోయామని ఎవరూ అనలేరు.

ఈ మాట ఎత్తగానే చాలామంది 1964 గురించి చెబుతారు. చెప్పాల్సిందే, అది నిజంగా గొప్ప ఏడాది. ఇజ్రాయెల్‌లో జరిగిన ఆ ఆసియా కప్‌లో మనం రన్నరప్. దక్షిణ కొరియాని 2-0తో కొట్టాం, హాంకాంగ్‌ని 3-1తో కొట్టాం, ఆతిథ్య జట్టు చేతిలో మాత్రం 2-0తో ఓడాం. కొరియాతో ఆడింది మే 27న, ఇక్కడ దేశం నెహ్రూని పోగొట్టుకున్న రోజే. అయితే మిగతా సగం కూడా చెప్పుకోవాలి: ఆ టోర్నీలో ఆడినవి నాలుగే జట్లు, అర్హత పోటీల్లో మన ప్రత్యర్థులంతా తప్పుకోవడంతో మనం నేరుగా అక్కడికి వెళ్లాం. అలాగని ఆ జట్టును మేం తక్కువ చేయం. రెండేళ్ల ముందే, 1962లో, జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో ఇదే కొరియాని ఓడించి స్వర్ణం తెచ్చిన తరం అది.

ఆ తరం ఆకాశంలోంచి ఊడిపడలేదు. దాన్ని తయారు చేసినవాడు మన హైదరాబాద్ మాస్టారు సయ్యద్ అబ్దుల్ రహీమ్. మాస్టారని ఊరికే అనడం లేదు, ఆయన నిజంగానే బడిపంతులు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ టోర్నీ గెలిచింది, అక్కడ రాటుదేలిన ఆటగాళ్లే దేశం జట్టులోకి వెళ్లారు, ఆ జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా పోయింది. అంటే ముందు ఒక ఊళ్లో ఆట బతికింది, ఆ తర్వాతే దేశం గెలిచింది. 1963 జూన్‌లో రహీమ్ కన్నుమూశారు. 1964 రన్నరప్ ఆయన వేసిన పంటలో చివరి కోత అని మేం అనుకుంటాం. ఆ తర్వాత ఎవరు దుక్కి దున్నారు, ఎవరు విత్తనం వేశారు?

మళ్లీ ఆసియా కప్ గడప తొక్కడానికి 20 ఏళ్లు పట్టింది. 1984లో సింగపూర్‌లో నాలుగు మ్యాచ్‌లు ఆడి ఒక్క గోల్ కూడా కొట్టలేదు. ఇరాన్‌తో 0-0 ఒక్కటే చెప్పుకోదగ్గది. ఆ తర్వాత ఇంకో 27 ఏళ్ల ఖాళీ. 2011లో ఖతర్ వెళ్లాం, ఆస్ట్రేలియా, బహ్రెయిన్, కొరియా కలిసి మూడు మ్యాచ్‌లలో మనకు 13 గోల్స్ కొట్టాయి. ఆ 2011 బెర్త్ దొరికిందే 2008లో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఎఫ్‌సీ) ఛాలెంజ్ కప్ గెలవడం వల్ల. ఆ కప్ జరిగింది హైదరాబాద్‌లో, అప్పటికి మనందరి రాజధానిలోనే. ఫైనల్ కూడా అక్కడే జరగాలి. వానలకి గ్రౌండ్ ఆడడానికి పనికిరాకుండా పోయింది, మ్యాచ్‌ని ఢిల్లీకి తీసుకెళ్లారు. అక్కడ సునీల్ ఛెత్రీ హ్యాట్రిక్ కొట్టాడు, తజికిస్తాన్‌ని 4-1తో ఓడించాం. రహీమ్ ఊళ్లో ఒక ఫైనల్‌కి నాలుగు చినుకులు తట్టుకునే మైదానం లేకపోవడం మాకు ఇప్పటికీ మింగుడు పడదు.

2019లో థాయ్‌లాండ్‌ని 4-1తో చిత్తు చేసినప్పుడు అది 1964 తర్వాత ఆసియా కప్‌లో మనకి దక్కిన మొదటి గెలుపు, 55 ఏళ్ల తర్వాత! ఆ ఆనందం పది రోజులు కూడా నిలవలేదు, ఎలా ముగిసిందో మొదట్లోనే చెప్పాం. 2024 జనవరిలో మళ్లీ ఖతర్, ఆస్ట్రేలియా, ఉజ్బెకిస్తాన్, సిరియాలతో మూడూ ఓడాం, మళ్లీ సున్నా గోల్స్. అదే టోర్నీలో జోర్డాన్ ఫైనల్ దాకా వెళ్లింది, ఉజ్బెకిస్తాన్, జోర్డాన్ రెండూ తర్వాత 2026 వరల్డ్ కప్‌కే అర్హత సాధించాయి. మనం మాత్రం ఓడిన ప్రతిసారీ కోచ్‌ని మారుస్తున్నాం, రిటైరైన ఛెత్రీని నలభయ్యో పడిలో మళ్లీ పిలిచి గోల్ కొట్టమన్నాం, 2025లో దేశంలోని పెద్ద లీగ్‌నే సమయానికి మొదలుపెట్టలేకపోయాం.

కోచ్‌లని మార్చడం దేశం పని, సరే. మన ఊళ్లో సంగతి ఏంటి? మొన్న ఒక ఆదివారం పొద్దున్నే బెజవాడలో ఒక మైదానానికి వెళ్లాం. ఎటు చూసినా క్రికెట్, ఒకరి ఫీల్డర్ ఇంకొకరి పిచ్ మీద నిలబడి ఉన్నాడు. ఓ మూలన, గోడ పక్కన, పది పన్నెండు మంది పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతున్నారు. రెండు స్కూల్ బ్యాగులు గోల్ పోస్టులు. బంతి తోలు ఒకచోట లేచిపోయి, తన్నినప్పుడల్లా ఆ ముక్క టపటపా కొట్టుకుంటోంది. బంతి క్రికెట్ వాళ్ల వైపు పోయిందంటే తెచ్చుకోవడానికి ముందు బతిమాలుకోవాలి. ఎడం కాలితో చక్కగా ఆడుతున్న ఏడో తరగతి కుర్రాణ్ణి అడిగాం, అసలు మ్యాచ్ ఎప్పుడు ఆడావురా అని. "పోయినేడు స్కూల్ గేమ్స్‌లో అంకుల్. ఒకటే. ఓడిపోయాం, వచ్చేశాం" అన్నాడు.

ఆ మాట దగ్గరే మేం ఆగిపోయాం. ఏడాదికి ఒక్క మ్యాచ్. పిల్లల టోర్నీలు నాకౌట్ పద్ధతిలో పెడితే సగం జట్లు మొదటి రోజే బస్సెక్కి ఇంటికి పోతాయి. ఓడిన పిల్లాడికి తన తప్పు దిద్దుకునే రెండో మ్యాచ్ ఉండదు. పదేళ్ల వయసు నుంచి వారం వారం మ్యాచ్ ఆడుతూ పెరిగిన కుర్రాడి ముందు, ఏడాదికి ఒకటి ఆడిన మనవాడు చివరి నిమిషంలో కంగారు పడక ఏం చేస్తాడు?

ఈ ఊళ్లో చేతగాక కాదు. విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో విలువిద్యలో మూడు స్వర్ణాలు కొట్టింది. బాణానికి ఇక్కడ అకాడమీ ఉంది, నేర్పేవాళ్లున్నారు, పిల్లలకి రోజూ గురి చూసుకునే చోటు ఉంది. బంతికీ అవి కావాలనే మేం అడిగేది.

విజయవాడలో ఎనిమిది స్కూళ్లు, గుంటూరులో ఎనిమిది స్కూళ్లు, పన్నెండేళ్ల లోపు పిల్లలు. నాకౌట్ వద్దు, లీగ్ పెట్టండి. ఎనిమిది జట్లుంటే గెలిచినా ఓడినా ఒక్కో జట్టుకి ఏడు మ్యాచ్‌లు, ఊరికి 28 మ్యాచ్‌లు. దీనికి స్టేడియం అక్కర్లేదు. శని, ఆదివారాలు సాయంత్రం రెండేసి గంటలు ఒక మున్సిపల్ గ్రౌండ్‌ని ఫుట్‌బాల్‌కి వదిలేసి, రెండు గోల్ పోస్టులు పాతితే చాలు. ఆడపిల్లలకి కూడా విడిగా పెట్టాలి, వాళ్ల విషయంలో వాయిదా వేయడానికి అసలు కారణమే లేదు: మన అమ్మాయిల జట్టు 2025 జులైలో థాయ్‌లాండ్ వెళ్లి, థాయ్‌లాండ్‌నే 2-1తో ఓడించి 2026 మహిళల ఆసియా కప్‌కి అర్హత తెచ్చుకుంది.

రెండు నగరపాలక సంస్థల కమిషనర్లనూ, స్కూళ్ల యాజమాన్యాలనూ మేం నేరుగా అడుగుతున్నాం. దసరా సెలవులు అవగానే మొదలుపెడితే భోగి నాటికి లీగ్ పూర్తవుతుంది. మా వంతుగా ప్రతి సోమవారం మా పత్రిక జిల్లా పేజీలో అన్ని మ్యాచ్‌ల స్కోర్లూ వేస్తాం, ఓడిన జట్టు తరఫున గోల్ కొట్టిన పిల్లల పేర్లతో సహా.